నడిమి గొంతు పోయిన పాట

అడవి పందుల్ని తరమడానికి చేయించుకున్న ఆంప్లిఫయర్ పాట పాడే మనిషినే మింగేసిందంటూ, పండరి పటేల్ ఒక మధ్యాహ్నం బాన్సువాడ పాత బస్టాండు వెనక ఉన్న భాస్కర్ దుకాణం ముందు ఆటో ఆపి మిషన్నీ, రెండు బాక్సుల్నీ దింపించాడు. నస్రుల్లాబాద్‌లో ఆయనకు వరి ఉంది, చెరుకు ఉంది, వాటిని తొక్కిపోయే పందులూ ఉన్నాయి. రాత్రిళ్లు పందులకు కేకలు, పగలు నాట్లేసే ఆడవాళ్లకు పాటలు, రెంటికీ ఒకటే మిషను. కేకలు బాగానే వస్తున్నాయి. తంటా అంతా పాటలతోనే.

“డోలున్నది, సన్నాయున్నది. పాడేటామెనే లేదు. నాట్లేసేటోళ్లు నన్ను సూసి నవ్వవట్టిరి. గామె ఏడ వోయిందో జర సూడు భాస్కరా,” అన్నాడు పటేల్, కండువాతో మొహం తుడుచుకుంటూ.

“ఏడికి పోతది పటేలా, నీ సెరుకుల దాసుకున్నదేమో,” అన్నాడు భాస్కర్.

భాస్కర్ చేసేవి క్లాస్ డి ఆంప్లిఫయర్లు. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. పాతకాలం ఆంప్లిఫయర్‌కు తిరగలి రాయంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, ఆన్ చేస్తే గుయ్యిమనేది, గంటలో రొట్టె కాల్చుకునేంత వేడెక్కేది. ఈ కొత్త రకానికి అరచేతిలో పట్టే బోర్డు చాలు. కరెంటును సెకనుకు లక్షల సార్లు ఆపుతూ వదులుతూ పాటను మోసుకొస్తుంది. వేడి లేదు, రొద లేదు. రొద ఎంత లేదంటే, పాట ఆగినప్పుడు బాక్సుకు చెవి ఆనించినా మిషను బతికుందో చచ్చిందో తెలియదు. చుట్టుపక్కల తండాల్లో పెళ్లయినా భజనయినా ఆరేళ్లుగా అతని మిషన్లే మోగుతున్నాయి.

ఆ బోర్డుల మీద ఉంగరాల్లాంటి నల్ల రింగులకు రాగి తీగ చుట్టి కాయిల్స్ చేసేది అతని వదిన సోనాబాయి. దుకాణంలో ఒక మూల గోనెసంచి మీద కూర్చుని చుడుతుంది. చిన్నప్పటి నుంచి రవికలకు అద్దాలు కుట్టిన చేతులు కదా, చుట్టుకీ చుట్టుకీ మధ్య వెంట్రుక దూరదు, లెక్క ఎన్నడూ తప్పదు. ఆమె ఆ మూలే ఎందుకు ఎంచుకుందో బజారంతటికీ తెలుసు. సరిహద్దు దగ్గరి డోంగ్లి నుంచి బస్టాండులోకి వచ్చే బస్సులు అక్కడికి కనిపిస్తాయి. ఆరేళ్ల కింద తీజ్ పండుగ సాయంత్రం కనపడకుండా పోయిన ఆమె భర్త భీమ్లా, సరిహద్దు దాటి బొంబాయి పోయాడని తండాలో చెప్పుకుంటారు. బస్సు ఆగినప్పుడల్లా సోనాబాయి తీగ ఆపి, దిగేవాళ్లందరినీ చివరి మనిషి దాకా చూసి, మళ్లీ చుట్టు మొదలుపెడుతుంది. చూసీ చూసీ బస్సు కండక్టర్లే ఆమె వంక చూడడం మానేశారు.

భాస్కర్ పటేల్ తెచ్చిన బాక్సుల వైర్లు చూడగానే నవ్వాడు. పొలానికి ఈ గట్టున ఒక బాక్సు, ఆ గట్టున ఒక బాక్సు. నాలుగు తీగలు లాగాల్సిన చోట పటేల్ తీగ మిగులుతుందని, రెండు నల్ల తీగల్నీ కలిపి మెలిపెట్టాడు. పాత మిషన్లకైతే అది చెల్లేది.

“క్లాస్ డికి గట్ల కలుపొద్దని చెప్తి గద పటేలా. బోర్డు కాలిపోతది.”

“అందుకే మిషనుకు కలుపలె. రెండు నల్లటియి ఒకదానికొకటి కట్టి ఇడిసిపెట్టిన. నువ్వు చెప్పినట్లే చేసిన గద.”

“మంచిగ చేసినవ్. గందుకే పాడేటామె పోయింది.”

అర్థం కాక పటేల్ తెల్లమొహం వేస్తే భాస్కర్ విడమరచి చెప్పాడు. పాటలో పాడే మనిషి గొంతు రెండు బాక్సుల్లోనూ ఒకే తీరుగా వస్తుంది, అందుకే నడుమ నిలబడి పాడినట్టు వినిపిస్తుంది. ఈ కట్టుడులో ఎడమది కుడిదాన్ని లాగుతుంది, కుడిది ఎడమదాన్ని లాగుతుంది. సమానంగా ఉన్నది ఏదైనా ఇద్దరు సమాన బలం వాళ్లు లాగిన తాడులా ఎటూ కదలదు, వినిపించదు. ఒక పక్కకు ఒరిగిన చప్పుడు మాత్రమే మిగులుతుంది. పందుల్ని తరిమే కేకలు ఒక పక్కకే ఒరిగినవి కాబట్టి బతికిపోయాయి.

మూలలో సోనాబాయికి ఇది తమాషాగా తోచింది. ఆరేళ్లలో ఆమె ముచ్చటపడి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తన ఫోను చాచి, “మా తీజ్ పాట పెట్టు భాస్కర్. పిల్లల గొంతు పోతే ఏం మిగుల్తదో సూస్త,” అంది.

ఆ వీడియో భాస్కర్ తీసిందే. ఆరేళ్ల కిందటిది. తండా పిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరుగుతూ పాడుతుంటే, రెండు చివర్లా మైకులున్న ఫోను అడ్డంగా పట్టుకుని తీసి అందరికీ పంపాడు. తండాలో ప్రతి ఫోనులోనూ ఉంది. అతను మాత్రం ఆ రోజు తరవాత దాన్ని విననే లేదు. పటేల్ ఎదురుగా ఉన్నాడు, వదిన చెయ్యి చాచి ఉంది. వద్దనడానికి ఏ సాకూ దొరకలేదు.

పాట మొదలైంది. పదిహేను మంది పిల్లల గొంతులూ ఒక్కసారిగా మాయమయ్యాయి. రేకుల మీద వాన పడుతున్న చప్పుడు, ఒక వైపు కుక్క మొరుగు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. పండుగలోంచి మనుషుల్ని ఎత్తేసి వాకిలి మాత్రం వదిలినట్టుంది. పటేల్ నవ్వబోయి ఊరుకున్నాడు. అప్పుడు కుడి బాక్సు అంచున ఒక మగగొంతు కదిలింది. మాటలు తెలియడం లేదు, గొంతు తీరు తెలుస్తోంది. కొంచెం బొంగురు, మాట చివర సాగదీత.

సోనాబాయి చేతిలోంచి రాగి తీగ జారి చుట్టలన్నీ విడిపోయాయి.

“గది మీ అన్న,” అంది.

పండరి పటేల్‌కు ఇంకా అక్కడ కూర్చోవడం ఇష్టం లేకపోయింది. లేచి చెప్పులు తొడుక్కుంటూ, “మిషను ఈడనే ఉండనీ. నాకు తొందర లేదు, పందులు ఏడికీ పోవు,” అని ఆటో ఎక్కాడు.

ఆ గొంతు ఏమంటున్నదో భాస్కర్‌కు తెలుసు. మాటలు వినిపించనక్కర్లేదు. ఆరేళ్లుగా ఆ మాటలు అతని లోపల వినిపిస్తూనే ఉన్నాయి. ఆ సాయంత్రం నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారు. భీమ్లా మోటరు పైపు మూతికి చెత్త పట్టింది, నీళ్లలోకి దిగి తీయాలి. ఫోను పట్టుకున్న తమ్ముడి పక్కన నిలబడి, తాడు పట్టడానికి వస్తావా అని అడిగాడు. భాస్కర్ ఫోనులోంచి కళ్లు తిప్పకుండా నోట్లో నోట్లో అన్నాడు, “నువ్వు పో, నేను ఎనకనే వస్త.” పిల్లల పాట హోరులో ఆ జవాబు పక్కవాళ్లకైనా వినిపించలేదు. అతను వెనకనే పోలేదు. ఇంట్లో మొదటి క్లాస్ డి బోర్డు సగం అతికి ఉంది. ఐదు నిమిషాల్లో ముగిద్దామని కూర్చుంటే మూడు గంటలు పట్టింది. బోర్డు పలికింది. ఆ సంబరంలో అన్న మాటే మరిచాడు.

తెల్లవారుజామున పోయి చూస్తే కాలువ గట్టు మీద చెప్పులున్నాయి, చెట్టుకు కట్టిన తాడు నీళ్లలోకి వేలాడుతోంది. తాడు పట్టడానికి పోనందుకు అందరూ తననే అంటారనుకున్నాడు భాస్కర్. తాడు విప్పి, చెప్పులతో పాటు కాలువలోకి విసిరేశాడు. శవం ఎక్కడా తేలలేదు. బొంబాయి మాట పుట్టించిందీ అతనే, ఎప్పుడో పోతానన్నాడని. అన్నను అతను చంపలేదు, నిజమే. చచ్చాడన్న సంగతి మాత్రం ఒక ఆడమనిషికి దక్కకుండా ఆరేళ్లు దాచాడు. దాన్నేమంటారో మీరే చెప్పండి.

ఆ తండాలో చనిపోయినవాళ్ల కోసం ఏడవడమంటే ఉత్త కన్నీళ్లు కాదు, అది రాగం తీసి పాడే ఏడుపు. పోయినవాడు పోయాడని తేలితేనే పాడాలి. జాడ తెలియని మనిషి కోసం పాడితే వాడి ఆయుష్షు తింటుందని పెద్దవాళ్లు ఆపేస్తారు. అందుకని సోనాబాయి ఆరేళ్లలో ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు.

“మిషను ఇంక మంచిగ చేయి,” అంది ఆమె ఆ సాయంత్రం. “గొంతు సాఫ్‌గ రావాలె. నేను ఏడువాల్నో ఎదురు సూడాల్నో, గదొక్కటి తెలిస్తె సాలు నాకు.”

“పాత వీడియో వదినా. గింతకంటె రాదేమో.”

“నువ్వు చేస్తె ఎట్ల రాదు? అందరి మిషన్లు చేస్తవు గద.”

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని భాస్కర్ ఆమె కళ్లలోకి చూశాడు. ఏమీ లేదు. నమ్మకమే ఉంది. అదే అతనికి మరీ భయమేసింది.

మర్నాడు పొద్దున్నే మిషను విప్పాడు. మెరుగు చేయడానికి కాదు, చెడగొట్టడానికి. వదిన చూస్తుండగానే మంచి కెపాసిటర్లు పీకేసి, చచ్చిన టీవీల్లోంచి తీసిన ఉబ్బిపోయిన పాతవి అతికించాడు. “ఇవి మంచి కంపెనీవి,” అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేర్చిన పని చెబుతోంది, ఇప్పుడు గొంతు బురదలో కూరుకుపోయినట్టు రావాలి.

వీడియో పెట్టారు. వాన చప్పుడు. కుక్క. తరవాత భీమ్లా గొంతు నిన్నటికంటే ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడినట్టు వినిపించింది. తండా మాటలోనే, రెండు మాటలు స్పష్టంగా. “నీళ్లు ఇడిసిండ్రు.”

“కాలువకు,” అంది సోనాబాయి. “కాలువ ముచ్చట చెప్తుండు. మంచిగైంది భాస్కర్. ఇంక జర చేయి.”

మధ్యాహ్నం అతను కాయిల్ మీది చుట్లు సగం విప్పేశాడు. గొంతు ఇంకా దగ్గరికి వచ్చింది, మోటరు అన్న మాట తెలిసింది. సాయంత్రం ఏకంగా కాయిల్సే తీసేసి తీగతో కలిపాడు. ఏ మిషనైనా అలా చేస్తే కీచుమంటుంది, లేదా కాలుతుంది. ఇది కీచుమనలేదు, కాలలేదు. బోర్డు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది, మామూలు చల్లదనం కాదు, నీళ్లలో నానిన రాయి చల్లదనం. కుడి బాక్సులోంచి భీమ్లా ఊపిరి తీసుకోవడం వినిపించింది. వదిన తలాడించి, “నీ చేతుల ఇద్దె ఉన్నది,” అంది. దొంగకు తేలు కుట్టినట్టయింది భాస్కర్‌కు. అరవలేడు, ఊరుకోలేడు. ఆ రాత్రి అతను తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

మూడో రోజు పట్టపగలు కరెంటు పోయింది. ఇగ ఈ రోజుకు తప్పిందనుకున్నాడు. సోనాబాయి పక్క దుకాణం నుంచి బండి బ్యాటరీ అడిగి తానే మోసుకొచ్చింది. బయట ఎండ, బస్టాండులో జనం, మొక్కజొన్న కంకులు కాల్చే వాసన. డోంగ్లి బస్సు వచ్చి హారన్ కొట్టినా ఆమె తల తిప్పలేదు. ఫోను తన చేత్తోనే మిషనుకు తగిలించి పాట పెట్టింది.

పిల్లల గొంతులు లేని వాకిలి. వాన. ఆ తరవాత, దుకాణంలో మూడో మనిషి కూర్చుని మాట్లాడినంత మామూలుగా, భీమ్లా అన్నాడు: “కాలువకు నీళ్లు ఇడిసిండ్రు. మోటరు పైపుకు చెత్త పట్టింది, లోపలికి దిగాలె. తాడు పట్టనీకి వస్తవా?”

భాస్కర్ కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు రావాల్సింది తన గొంతు.

రాలేదు. రెండు ఊపిర్ల మేర ఖాళీ, వాన చప్పుడు. ఆ వెనక భీమ్లా, “సరే,” అన్నాడు. అంతే, పాట అయిపోయింది.

ఎందుకు రాలేదో అర్థమయ్యేసరికి భాస్కర్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రోజు ఫోను పట్టుకున్నది తను. ఫోను వెనక నిలబడినవాడి గొంతు కూడా పాడే పిల్లల గొంతులాగే రెండు వైపులా సమానంగా పడింది. పిల్లలతో పాటే కొట్టుకుపోయింది. పటేల్ కట్టిన ఆ పిచ్చి కట్టుడులో భాస్కర్ అనేవాడు ఎన్నటికీ వినిపించడు. తన విద్యే తనను కాపాడింది. ఇక ఒక్క అబద్ధం చాలు, ఈ జన్మకు సరిపోతుంది.

“నీళ్లల్ల దిగిండు,” అంది సోనాబాయి. “ఎవల్నో తాడు పట్టనీకి పిలుస్తుండు. ఎవలతోని మాట్లాడుతుండు భాస్కర్?”

“తెల్వది వదినా. గా మనిషి గొంతు మిషన్ల వస్తలేదు.”

“మళ్ల పెట్టు.”

పెట్టాడు. తాడు పట్టనీకి వస్తవా. ఖాళీ. ఈసారి ఖాళీ రెండు ఊపిర్లు కాదు, నాలుగో ఐదో. అప్పుడు సరే. భాస్కర్ ఫోను తెర వంక చూశాడు. వీడియో అదే, ఫోను అదే, ఆరేళ్ల కింద అచ్చు పోసినట్టు అయిపోయిన క్షణం అది. అది సాగడమేమిటి?

“మళ్ల పెట్టు,” అంది ఆమె.

మూడోసారి భీమ్లా అడిగాడు, “వస్తవా?” ఆగాడు.

వాన పడుతూనే ఉంది. భాస్కర్ మనసులో పది దాకా లెక్కపెట్టాడు, ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఫోను తెర మీద గీత చివరికి చేరి ఆగిపోయింది, వీడియో అయిపోయింది. కుడి బాక్సులో వాన ఆగలేదు. వాన కింద ఒక మనిషి ఊపిరి, తొందర లేకుండా, జవాబు వచ్చేదాకా ఉంటానన్నట్టు. భాస్కర్ చెయ్యి చాచి ఫోను వైరు పీకాడు. వాన ఆగలేదు. బ్యాటరీ తీగ లాగేశాడు. కెపాసిటర్లలో నిలవ ఉన్న కరెంటు ఒక్క క్షణం మోగించి చచ్చిపోతుంది, ఎన్ని వేల సార్లు చూశాడు. వాన ఆగలేదు. ఏ తీగా లేని మిషను దుకాణం నడుమ కూర్చుని అతని కోసం ఎదురు చూస్తోంది.

సోనాబాయి బాక్సును చూడడం లేదు. మరిది మొహాన్నే చూస్తోంది.

“ఎవల కోసం ఆగిండు?” అంది మెల్లగా.

అతను చెప్పొద్దనే అనుకున్నాడు. పెదవులు బిగించాడు కూడా. ఆ ఊపిరి అంత దగ్గరగా, అంత ఓపికగా ఉంటే మనిషన్నవాడు ఎంతసేపు ఓర్చుకోగలడు? అన్న అడిగితే ఎప్పుడైనా జవాబు ఇవ్వకుండా ఉన్నాడా? నోరు దానంతటదే తెరుచుకుంది.

“నువ్వు పో అన్నా. నేను ఎనకనే వస్త.”

“సరే,” అంది బాక్సు. వాన ఆగిపోయింది.

బయట కండక్టర్ బోధన్, బోధన్ అని అరుస్తున్నాడు. సోనాబాయి లేచి నిలబడింది.

“పోయినవా?”

“పోలే వదినా.”

“మరి?”

“తెల్లారంగ పోయిన. గట్టు మీద చెప్పులున్నయ్. తాడున్నది. నేనే కాలువల పారేసిన.”

“బొంబాయి ముచ్చట?”

“నేనే పుట్టించిన.”

ఆమె కొడుతుందని చూశాడు. కొడితే బాగుండుననిపించింది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. కింద పడి ఉన్న బ్యాటరీ తీగను తన చేత్తో ఎత్తి అతనికి ఇచ్చింది.

“ఇంకొక్కసారి పెట్టు.”

ఫోను వైరూ బ్యాటరీ తీగా మళ్లీ కలిపాడు. పాట మొదలైంది, వాకిలి వచ్చింది, వాన వచ్చింది. తాడు పట్టనీకి వస్తవా అన్న మాట ముగిసిందో లేదో, వెంటనే సరే అని వచ్చేసింది. నడుమ ఒక్క ఊపిరి కూడా లేదు. ఆ తరవాత తడి నేల మీద చెప్పుల చప్పుడు కొంత దూరం వినిపించి, అదీ పోయింది.

“ఇగ ఆగుతలేడు,” అంది సోనాబాయి. “పోయిండు.”

దుకాణం నడుమ నేల మీద కూలబడి, కొంగు తల మీదికి లాక్కుని, ఆరేళ్ల ఏడుపు మొదలుపెట్టింది. రాగం మొదట రెండుసార్లు తెగింది, మూడోసారి పెద్దగా లేచింది. బస్టాండులో మనుషులు ఆగి చూశారు. కంకులు కాల్చే ముసలమ్మ విసనకర్ర కింద పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది.

వాళ్ల తండాలో ఈ ఏడుపుకు ఒక వరస ఉంది. ముందు పోయినవాడిని పిలవాలి, ఇన్నేళ్లు నీకు నీళ్లు వదలనందుకు కోపగించుకోకని చెప్పాలి. తరవాత కన్నవాళ్లను, తోడబుట్టినవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, పోయినవాడికి వాళ్లు ఏం చేశారో పాటలోనే చెప్పాలి. పెట్టిన బువ్వ చెప్పాలి, చేసిన అన్యాయమైనా చెప్పాలి. పేరు వచ్చినవాళ్లు అక్కడే ఉండి వినాలి, లేచి పోకూడదు. సోనాబాయి భర్తను పిలిచింది. మామను పిలిచింది. అత్తను పిలిచింది, ఆమె పెట్టిన జొన్నరొట్టెల్ని చెప్పుకుంది. గుమ్మంలో జనం పెరిగారు. తోడబుట్టినవాళ్లలో పెద్దాడబిడ్డ పేరు అయిపోయింది, చిన్నాడబిడ్డ పేరు నడుస్తోంది. ఆమె తరవాత మిగిలింది ఒక్కడే. భాస్కర్ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తన పేరు కోసం నిలబడ్డాడు.